విజయనగరంలో అద్దె కోసం ఇల్లు కొంటున్నారా? బయానా ఇచ్చేలోపు చూసుకోవాల్సిన లెక్కలు, కాగితాలు, గోడలు

భోగాపురం విమానాశ్రయం పేరు ఎత్తకుండా విజయనగరంలో ఇప్పుడు ఏ స్థలం బేరమూ మొదలవడం లేదు. "ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పటికీ కొనలేరు బాబూ" అని మధ్యవర్తి అంటాడు. ధర విషయంలో అతని మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. కానీ మీరు కొనేది అద్దె కోసం అయితే ఆ మాటతో పని తక్కువ. విమానాశ్రయాన్ని చూసి ధర పెరుగుతుంది కానీ అద్దె పెరగదు. ఊళ్లో జీతం తీసుకునేవాళ్లు ఎంతమంది, వాళ్లు నెలకు ఎంత ఇవ్వగలరు అన్నదాన్ని బట్టే అద్దె ఉంటుంది. కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకుని, ధర పెరుగుతుందన్న ఆశతో కొని, ఆ తర్వాత అద్దెతో ఈఎంఐ కట్టుకుందామనుకుంటారు. అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

అందుకే ఈ దారిలో ముందు అద్దె లెక్క, తర్వాత ఇల్లు.

1. ముందు అద్దెవాళ్లను చూడండి, ఇల్లు తర్వాత

విజయనగరంలో అద్దెకు ఉండేవాళ్లు ఎవరు? ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు, రైల్వే వాళ్లు, బ్యాంకు సిబ్బంది, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, డాక్టర్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల చదువు కోసం వచ్చిన కుటుంబాలు. ద్వారపూడి వైపు జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఉంది, నెల్లిమర్లలో మిమ్స్ వైద్య కళాశాల ఉంది, ఊళ్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. శ్రీకాకుళంలో అయితే పెద్దాసుపత్రి, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ, పైడిభీమవరం మందుల కంపెనీలు ఇలాంటి జనాన్ని తెస్తాయి.

మీరు కొనాలనుకున్న వీధిలో ఒక సాయంత్రం నడవండి. టూలెట్ బోర్డులు ఎన్ని ఉన్నాయో చూసి, వాటి మీద నంబర్లకు అద్దెకు కావాలన్నట్టే ఫోన్ చేయండి. ఎంత చెబుతున్నారు, అడ్వాన్సు ఎన్ని నెలలు, ఎన్నాళ్ల నుంచి ఖాళీ అని అడగండి. అమ్మేవాడు చెప్పే అద్దెకీ, వీధిలో నిజంగా నడుస్తున్న అద్దెకీ తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది. తోటపాలెం, దాసన్నపేట, బాలాజీ నగర్, కంటోన్మెంట్, రింగ్ రోడ్డు, ఎక్కడైనా సరే, ఒకే పేటలో రెండు వీధుల మధ్య కూడా అద్దె మారిపోతుంది. ఆటో దొరికే రోడ్డుకు, స్కూలు బస్సు ఆగే చోటుకు దగ్గరగా ఉన్న ఇల్లు ఎప్పుడూ ముందు నిండుతుంది.

సీజన్ కూడా చూసుకోవాలి. బదిలీలు, స్కూళ్లు తెరవడం రెండూ ఏప్రిల్ నుంచి జూన్ మధ్యే. ఆషాఢం వచ్చిందంటే ఇల్లు మారేవాళ్లు చాలామంది ఆగిపోతారు, భాద్రపదం, పుష్యం కూడా అంతే. జూన్ చివర్లో ఖాళీ అయిన పోర్షన్ శ్రావణం దాకా అలాగే ఉండిపోవచ్చు. అందుకే రిపేర్లు, రంగులు వేసవి మొదట్లోనే పూర్తిచేయాలి. మరమ్మతు చేసే ఇల్లు కొంటుంటే రిజిస్ట్రేషన్ ఫిబ్రవరి, మార్చిలలో అయ్యేలా బేరం కుదుర్చుకోండి.

2. చేతికి వచ్చేది ఎంత?

ఇది నిదానంగా చదవండి. ఈ అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవి. మీ వీధి అంకెలు వేసి మీరే మళ్లీ చేయండి.

ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాటు 35 లక్షలు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. అంటే 2,62,500 రూపాయలు. రంగులు, కిటికీలకు దోమల మెష్, ప్లంబింగ్ కలిపి 75,000. వకీలు, దస్తావేజు లేఖరి ఖర్చు 12,500. మీరు పెట్టింది 35 లక్షలు కాదు, 38,50,000.

అద్దె నెలకు 9,000 అయితే ఏడాదికి 1,08,000. అందులో ఒక నెల ఖాళీ పోతుందని ముందే రాసుకోండి, మిగిలేది 99,000. ఇంటి పన్ను 4,500, మరమ్మతులు 10,000, బీమా 1,500 తీసేస్తే 83,000. పెట్టిన డబ్బు మీద ఇది దాదాపు 2.2 శాతం. అదే డబ్బు 6.5 శాతం డిపాజిట్‌లో పెడితే ఏడాదికి రెండున్నర లక్షలు వస్తుంది.

ఇప్పుడు పాత రెండంతస్తుల ఇల్లు తీసుకుందాం. ధర 48 లక్షలు, మూడు పోర్షన్లు, అద్దెలు 6,500, 6,500, 4,500. రిజిస్ట్రేషన్ 3,60,000, మరమ్మతులు 3 లక్షలు, కాగితాల ఖర్చు 20,000, మొత్తం 54,80,000. ఏడాది అద్దె 2,10,000. ఒక నెల ఖాళీ తీసేస్తే 1,92,500. పాత ఇంటికి మరమ్మతు ఎక్కువ కాబట్టి 30,000, పన్ను 7,500, మోటారు, ట్యాంకు శుభ్రం, ఉమ్మడి కరెంటు 5,000. చేతికి లక్షన్నర. ఇది 2.7 శాతం. కొంచెం మెరుగే. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగతా రెండు నడుస్తాయి, భూమి మొత్తం మీదే. కానీ మూడు కుటుంబాల నీళ్ల గొడవలు కూడా మీవే.

ఈ లెక్క చూసి చాలామంది నీరసపడతారు. నీరసపడాల్సింది లేదు, కొనాలంటే ఎందుకు కొంటున్నారో తెలిసి కొనాలి. అద్దె రెండు మూడు శాతమే ఇస్తున్నప్పుడు మిగతాదంతా ధర పెరుగుదల నుంచే రావాలి. ధర పెరగడం మీ చేతిలో లేదు. పెరిగినా, అమ్మితే తప్ప ఆ డబ్బు చేతికి రాదు.

3. కొనేముందు మీ సొంత డాబా ఎక్కి చూడండి

మన ఊళ్లలో చాలా ఇళ్ల డాబా మీద పిల్లర్ల చువ్వలు పైకి లేచి ఉంటాయి. ఎప్పుడో మేడ వేద్దామని నాన్నగారు వదిలినవి. మీకో, మీ అత్తవారికో అలాంటి ఇల్లు ఉంటే, మొదటి పెట్టుబడి అక్కడే పెట్టమని నా సలహా. స్థలం కొననక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. 900 చదరపు అడుగులు, అడుగుకు 2,000 చొప్పున 18 లక్షలు అనుకోండి. రెండు సింగిల్ బెడ్రూమ్ పోర్షన్లు, ఒక్కోటి 5,500. ఏడాదికి 1,32,000, ఒక నెల ఖాళీ తీసేస్తే 1,21,000, ఖర్చులు 11,000 పోగా 1,10,000. పెట్టుబడి మీద 6 శాతం పైమాటే. ఫ్లాటుతో పోలిస్తే దాదాపు మూడింతలు. పైగా అద్దెవాళ్లు మీ కళ్ల ముందే ఉంటారు.

అయితే ఆ చువ్వలను నమ్మి మేస్త్రీ మాట మీద స్లాబు వేయకండి. ఏళ్ల తరబడి వానకు తడిసిన చువ్వను చేత్తో పట్టుకుని చూడండి. పైన ఎర్రటి పొడి మాత్రమే రాలితే ఒక సంగతి. పొరలు పొరలుగా లేచి, చువ్వ మధ్యలో సన్నబడి ఉంటే దాని బలం పోయినట్టే. పునాది లోతు, పిల్లర్ల సైజు, కింద నేల తీరు స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చూపించి, కాగితం మీద రాయించుకోండి. తర్వాత నగరపాలక సంస్థ నుంచి పై అంతస్తుకు ప్లాను అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా కడితే ఇంటి పన్ను మీద అదనంగా జరిమానా పడుతుంది, రేపు బ్యాంకు అప్పు దొరకదు, అమ్మేటప్పుడు కొనేవాడు ధర తగ్గిస్తాడు. మెట్లు బయటి నుంచి పెట్టండి. ఇంటి లోపలి నుంచి మెట్లు ఉంటే మంచి కుటుంబాలు రావు, మీకూ ప్రశాంతత ఉండదు.

4. కాగితాలు

ఇల్లు నచ్చింది, లెక్క కుదిరింది. బయానా ఇచ్చే ముందు ఈ కాగితాల పని ముగించాలి. బయానా ఇచ్చాక వకీలు దగ్గరికి వెళ్లడం మన దగ్గర అలవాటు. అది తిరగేయండి.

ముందుగా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. కనీసం 30 ఏళ్లకు తీయించండి. దాన్ని వరుసగా చదవాలి: ఎవరి నుంచి ఎవరికి, ఏ ఏడాది, ఎన్ని గజాలు, నాలుగు హద్దులు ఏమిటి. ప్రతి దస్తావేజులో అమ్మినవాడు, దానికి ముందు దస్తావేజులో కొన్నవాడే కావాలి. మధ్యలో గొలుసు తెగితే ఆ లింకు డాక్యుమెంటు అడగండి. ఎక్కడైనా తనఖా కనిపిస్తే దాని కింద ఎప్పుడో ఒకచోట ఆ తనఖా విడుదల కూడా కనిపించాలి. విడుదల లేకపోతే అప్పు ఇంకా ఉన్నట్టే లెక్క. ఒక సంగతి మరచిపోకూడదు: రిజిస్టర్ కాని ఒప్పందం, ఇంట్లో దాచిన వీలునామా, కోర్టు కేసు ఈసీలో కనపడకపోవచ్చు. అందుకే ఈసీతో సరిపెట్టకుండా చుట్టుపక్కలవాళ్లను కూడా అడగాలి.

తర్వాత నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద ప్రభుత్వ భూములు, దేవస్థానం, ధర్మాదాయ భూములు, అసైన్డ్ భూములు (పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చినవి) వగైరా ఉంటాయి. విజయనగరం జిల్లాలో సంస్థానం కాలం నాటి ట్రస్టు భూములు, దేవస్థానం భూములు ఉన్నాయి కాబట్టి సర్వే నంబరు పెట్టి ఈ జాబితా తప్పకుండా చూడాలి. అలా ఇచ్చిన డి-పట్టా భూమిని 1977 చట్టం ప్రకారం మామూలుగా అమ్మడానికి వీల్లేదు. చవగ్గా వస్తోందని నోటరీ కాగితం మీద కొన్నవాడికి హక్కు రాదు. ఏజెన్సీ వైపు ఏదైనా చూపిస్తే, షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 నిబంధన ప్రకారం గిరిజనేతరులు కొనకూడదు. అక్కడితో ఆ మాట ఆపేయండి.

వారసత్వంగా వచ్చిన ఇల్లయితే ఇంకొంచెం జాగ్రత్త. "అన్నదమ్ములం ముగ్గురం, ముగ్గురం సంతకం పెడతాం" అంటారు. మరి ఆడపడుచులు? ఉమ్మడి హిందూ ఆస్తిలో ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అమలైన సవరణతో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు, దేశమంతటా 2005 సవరణతో కూతుళ్లందరికీ కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, అందులో ఉన్న ప్రతి ఒక్కరి సంతకం దస్తావేజు మీద ఉండేలా చూసుకోండి. అక్కచెల్లెళ్లకు ఇది తెలియకుండా కానిచ్చేద్దామనే అమ్మకందారు దగ్గర కొనకండి. అది వాళ్లకు అన్యాయం, రేపు మీకు కోర్టు.

ఫ్లాటయితే అవిభాజ్య వాటా (భవనం ఉన్న స్థలంలో మీ భాగం) ఎన్ని గజాలో దస్తావేజులో ఉండాలి. ఎనిమిది ఫ్లాట్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా కొత్త ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. నంబరు తీసుకుని రెరా వెబ్‌సైట్లో సరిచూడండి. మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో, నిలబడ్డ భవనంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పైన ఒకటి ఎక్కువుంటే అందులో ఫ్లాటు వద్దు.

5. ఇంటిని వానాకాలంలో, ఎండాకాలంలో ఊహించుకోండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో పైకప్పులు, ట్యాంకులు, కిటికీలు ఏమయ్యాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2018 తిత్లీలో శ్రీకాకుళం అంతే చూసింది. మన దగ్గర అద్దె ఇల్లు అక్టోబర్, నవంబర్ గాలివానలను తట్టుకునేదిగా ఉండాలి. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. పై అంతస్తు బాత్రూమ్ కిందున్న స్లాబు మూల చూడండి. కొత్త సున్నం ఒక్కచోటే వేసి ఉంటే దాని కింద చెమ్మ దాచారని అనుమానించండి. ఆ సీలింగ్‌ను చిన్న కర్రతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే పెచ్చులు ఊడబోతున్నాయి. తలుపు చట్రాల కింది భాగం గోరుతో నొక్కితే మెత్తగా దిగిందంటే చెదలు పట్టాయి.

నీళ్ల సంగతి అమ్మేవాడిని అడిగి లాభం లేదు. పక్కింటికి వెళ్లి "మే నెలలో బోరు ఎలా ఉంటుంది పిన్నిగారూ, ట్యాంకరు తెప్పించుకుంటారా?" అని అడగండి. మునిసిపల్ కుళాయి ఎన్ని గంటలకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, సంపు ఉందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. వీధి కాలువ ఇంటి గుమ్మం కంటే ఎత్తులో ఉంటే పెద్ద వానకు నీళ్లు లోపలికి వస్తాయి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయిన పాత వీధుల్లో ఇది మామూలే.

కరెంటు మీటర్లు లెక్కపెట్టండి. ప్రతి పోర్షన్‌కు విడి సర్వీసు ఉండాలి. ఒకే మీటరు మీద మూడు కుటుంబాలు ఉంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి, బిల్లు అందరికీ మండిపోతుంది, ప్రతి నెలా పంచాయితీ. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో విడి సర్వీసులకు అయ్యే ఖర్చును మీ మరమ్మతు బడ్జెట్‌లో కలపండి. పాత బకాయిలు సర్వీసు మీదే ఉంటాయి కాబట్టి చివరి బిల్లు చూశాకే రిజిస్ట్రేషన్.

6. అప్పు

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 30 లక్షల దాకా అప్పయితే బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వొచ్చు, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం. సాధారణంగా రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు, అది మీ జేబులోంచే. ఇవ్వొచ్చన్నారని మొత్తం తీసుకోనక్కర్లేదు. పైన చెప్పిన ఫ్లాటుకు 28 లక్షలు, 20 ఏళ్లకు, 8.5 శాతం వడ్డీకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 24,300. అద్దె 9,000. నెలనెలా 15,300 మీ జీతంలోంచి పోతుంది, ఖాళీ నెలలో మొత్తం పోతుంది. అద్దెకు ఇచ్చే ఇంటికి నా హద్దు ఒకటే: ఇల్లు ఆరు నెలలు ఖాళీగా ఉన్నా ఈఎంఐ ఆగకూడదు. అంత సొమ్ము విడిగా డిపాజిట్‌లో లేకపోతే ఇంకో ఏడాది ఆగండి. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) గృహరుణాన్ని ముందే తీర్చేస్తే వ్యక్తులకు జరిమానా లేదు కాబట్టి బోనసు, పంట డబ్బు వచ్చినప్పుడల్లా అసలులో కట్టండి.

7. అద్దెవాళ్లు, ఒప్పందం

మనిషిని చూసి ఇల్లివ్వండి. ఎక్కడ పని, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందు ఎక్కడున్నారు అని అడగండి, ఆ పాత ఓనర్‌తో ఒకసారి మాట్లాడండి. కులం అడిగి, మాంసం వండుతారా అని అడిగి వెనక్కి పంపడం మన వీధుల్లో ఇంకా ఉంది. అది తప్పు. తప్పే కాదు, నష్టం కూడా. జీతం సమయానికి వచ్చే ఇద్దరు నర్సులను "బ్యాచిలర్స్" అని కాదని, ఇల్లు మూడు నెలలు ఖాళీ పెట్టుకునేవాళ్లు చాలామంది.

11 నెలల ఒప్పందం వాడుకలో ఉంది, కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ ప్రకారం లీజు ఎంతకాలానిదైనా రిజిస్ట్రేషన్ కావాలి. రాయించేటప్పుడు ఇవి ఉండాలి: అద్దె ఏ తేదీలోపు, అడ్వాన్సు ఎంత, ఏడాదికి ఎంత పెంపు, రెండు వైపులా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రంగుల ఖర్చు ఎవరిది, నీటి మోటారు బిల్లు ఎలా పంచుకుంటారు. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, కుళాయిలు, తాళంచెవుల జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తాళం ఇచ్చే రోజు ప్రతి గది ఫోన్‌లో వీడియో తీసి వాళ్లకూ పంపండి. రెండేళ్ల తర్వాత ఈ గీత ముందే ఉందా, వాళ్లు పెట్టారా అన్న మాట రాదు.

అద్దె బ్యాంకు ఖాతాకే తీసుకోండి, రసీదు ఇవ్వండి. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) కోసం ఉద్యోగి మీ పాన్ అడుగుతారు. ఇవ్వనని చెప్పడం వల్ల మంచి అద్దెవాళ్లు పోతారు, ఆదాయం దాచాల్సిన పనీ లేదు, ఎందుకో కింద చూడండి.

8. పన్నులు

అద్దె మొత్తం మీద ఆదాయపు పన్ను పడదు. మీరు కట్టిన ఇంటి పన్ను తీసేస్తారు, మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల కింద నేరుగా తగ్గిస్తారు, బిల్లులు చూపనక్కర్లేదు. ఆ పైన గృహరుణం వడ్డీ. మన ఫ్లాటులో 99,000లోంచి 4,500 పోతే 94,500, అందులో 30 శాతం పోతే 66,150. మొదటి ఏడాది వడ్డీ సుమారు 2,36,000. అంటే లక్షా డెబ్భై వేల నష్టం. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఏడాదికి 2 లక్షల దాకా ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో అలా కుదరదు. "ఇంటి అప్పుతో పన్ను కలిసొస్తుంది" అని ఎవరైనా చెబితే, ముందు మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి.

రిజిస్ట్రేషన్ అయిన వెంటనే నగరపాలక సంస్థలో ఇంటి పన్ను పేరు మార్పు, ఈపీడీసీఎల్‌లో సర్వీసు పేరు మార్పు చేయించండి. 2021 నుంచి మన పట్టణాల్లో ఇంటి పన్ను ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, కాబట్టి రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ.

9. ఖాళీ చేసేటప్పుడు

వాళ్లు చెప్పిన రోజున మీరే వెళ్లండి. మీటరు రీడింగు ఫోటో తీసి, ఆ రోజు దాకా కరెంటు బిల్లు లెక్కగట్టండి. జాబితా, వీడియో ముందు పెట్టుకుని గదులు చూడండి. గోడకు మేకు రంధ్రాలు, రంగు వెలిసిపోవడం మామూలు అరుగుదల, దానికి డబ్బు కోయకండి. పగిలిన వాష్ బేసిన్‌కు కోయండి, కొత్తదాని బిల్లు చూపించి. మిగిలిన అడ్వాన్సు ఆ రోజే, తాళంచెవులు తీసుకుంటూ ఇచ్చేయండి. ఉద్యోగులున్న ఆఫీసుల్లో ఇళ్ల సమాచారం నోటి మాట మీదే తిరుగుతుంది. అడ్వాన్సు సరిగ్గా తిరిగిచ్చే ఓనర్‌కు తర్వాతి అద్దెవాళ్లను వెళ్లేవాళ్లే తెచ్చిపెడతారు, ఇల్లు ఆ నెల ఖాళీ పడదు, మధ్యవర్తి కమిషనూ మిగులుతుంది.